తాటాకు పాకలో బుల్లెట్టు

అరుగు మీద చాప వేశాను, సర్దుకుని కూర్చోండి. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. ఇవాళ మన కబుర్లు దొడ్లో గోనెసంచులు కప్పుకుని పడుకున్న బండి గురించి.

మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్లినా, కాస్త పాతకాలం పెంకుటిల్లు ఉన్న దొడ్లోకి తొంగి చూస్తే ఒక పాక కనిపిస్తుంది. ఒకప్పుడు అందులో ఎడ్లబండి ఉండేది. పక్కనే కాడి, నాగలి, పలుగూ పారా, మూలన గడ్డిమోపు. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాక ఆ చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి తాతగారి బుల్లెట్టో, పెదనాన్న రాజ్‌దూతో, మావయ్య ఎజ్డీయో, బజాజ్ చేతక్కో వచ్చి చేరింది. కలిగినవాళ్ల ఇంట అయితే అంబాసిడరో, ఫియట్టో. కొందరు వాటిని అలాగే వదిలేశారు. ఇంకొందరున్నారు చూడండీ, వాళ్లంటే నాకు ఎంతిష్టమో! ఆదివారం తెల్లారిందంటే లుంగీ ఎగ్గట్టి, పానాల డబ్బా ముందేసుకుని పాకలోనే మకాం. చేతులు మోచేతుల దాకా నలుపు. ఇంట్లోంచి "అన్నం చల్లారిపోతోందండీ" అన్న కేక మూడోసారి వినపడితే గానీ తల ఎత్తరు.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లకి కారు పెట్టుకునే గది ఇంటితో పాటే కట్టి ఉంటుంది. అక్కడ ఆ గదుల్లో చాలా పెద్ద పనులే మొదలయ్యాయి. 1939లో హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు స్నేహితులు పాలో ఆల్టో ఊళ్లో అలాంటి గదిలోనే తమ కంపెనీ పెట్టారు. మనకి ఆ గదులు లేకపోతే ఏం, పాకలున్నాయి. పని చేసేది చెయ్యి, చూసేది కన్ను. గోడ సిమెంటుదైనా తడికదైనా వాటికి ఒకటే.

పాత బండి మీద నాకింత ప్రేమ ఎందుకంటారా? దానిలో ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుందర్రా. ఇప్పటి బండిలో చిన్న కంప్యూటరు కూర్చుని అన్నీ అదే చూసుకుంటుంది. మంచిదే, పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ. కానీ మూత విప్పితే ఒక నల్ల డబ్బా, నాలుగు తీగలు కనిపిస్తాయి, అంతే. పాత బుల్లెట్టులో గాలి ఎక్కడ దూరుతోంది, పెట్రోలు ఎక్కడ కారుతోంది, నిప్పు ఎక్కడ పుడుతోంది అన్నీ వేలు పెట్టి చూపించొచ్చు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఆ గోనెసంచుల కింద ఉన్నాయి.

ముందు తుప్పు సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే మన డెల్టాలో పాత బండికి మొదటి శత్రువు అదే. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య కోనసీమ, అటు సముద్రం, ఇటు కాలవలు, చేలల్లో ఏడాదిలో సగం రోజులు నిలిచిన నీళ్లు. గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అంతర్వేది, నర్సాపురం వైపు అయితే దానికి తోడు ఉప్పు. రాయలసీమలో ఇరవై ఏళ్లు చెక్కు చెదరని మడ్‌గార్డు ఇక్కడ నాలుగు వానాకాలాలకే జల్లెడైపోతుంది.

తుప్పు పట్టాలంటే ఇనుముకి రెండు కావాలి, నీరూ, గాలిలోని ఆక్సిజనూ. ఒక్కటుంటే చాలదు. కావాలంటే రేపే చేసి చూడండి. మూడు గాజుగ్లాసులు, మూడు కొత్త మేకులు తీసుకోండి. మొదటి గ్లాసులో మేకుని బాగా ఎండబెట్టిన పొడి బియ్యంలో దాచి, పైన మూత బిగించండి. రెండోదాంట్లో బాగా కాచిన నీళ్లు వేడిగానే పోసి, మేకు వేసి, పైన కొబ్బరినూనె ఒక పొరలా పోయండి. కాచినప్పుడు నీళ్లలో కరిగున్న గాలి బైటికి పోతుంది, నూనె కొత్త గాలిని రానివ్వదు. మూడోదాంట్లో మామూలు కుళాయి నీళ్లు. వారం పోయాక చూస్తే మూడో గ్లాసులో మేకే ఎర్రబడి ఉంటుంది. నాలుగో గ్లాసు కూడా పెట్టి, నీళ్లలో గుప్పెడు ఉప్పు వేశారనుకోండి, అది ఇంకా ముందే ఎర్రబడుతుంది.

ఉప్పెందుకు తొందరపెడుతుంది? ఇక్కడే అసలు రహస్యం. తుప్పు పట్టడమంటే ఇనుము మీద ఒక బుల్లి బ్యాటరీ నడవడమే. తడిసిన ఇనుము మీద ఒక చోట ఇనుము కరిగి ఎలక్ట్రానుల్ని వదులుతుంది. అవి లోహంలోంచే ప్రయాణం చేసి ఇంకో చోటికి వెళతాయి. అక్కడ నీరు, ఆక్సిజను కలిసి వాటిని అందుకుంటాయి. ఆ వలయం పూర్తవ్వాలంటే నీటిలోంచి కూడా విద్యుత్తు పారాలి. ఉప్పు కలిసిన నీటిలోంచి బాగా పారుతుంది, మంచినీటిలోంచి తక్కువ. ఆ బ్యాటరీ నుంచి మనకి దీపం వెలగదు, బండి మాత్రం కరిగిపోతుంది.

పైగా ఆ పుట్టిన తుప్పు ఊరికే ఉండదు. నానబెట్టిన మినుముల్లా ఉబ్బుతుంది. కరిగిన ఇనుము కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెయింటు కింద బుడిపెలు లేవడం, బోల్టుకి నట్టు పట్టేసి ఊడి రాకపోవడం దీనివల్లే. అల్యూమినియం కూడా గాలితో కలుస్తుంది, కానీ దాని మీద ఏర్పడే పొర పల్చగా, గట్టిగా అతుక్కుని లోపలిదాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు పొడిపొడిగా రాలిపోయి, కింద తాజా ఇనుమును మళ్లీ గాలికి అప్పజెపుతుంది.

ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కన ఒక ఇనప స్తంభం ఉంది, విన్నారా? గుప్తుల కాలం నాటిది. దాదాపు 1600 ఏళ్లుగా ఎండకి, వానకి నిలబడి ఉంది. ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నుల పైచిలుకు బరువు. దాన్ని తుప్పు ఎందుకు తినేయలేదని కాన్పూరు ఐఐటీలో ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆనాటి కమ్మరులు చేసిన ఇనుములో భాస్వరం ఎక్కువ ఉంది, దానివల్ల పైన ఒక పల్చని రక్షణ పొర ఏర్పడిందని చెప్పారు. ఢిల్లీ పొడి గాలి కూడా దానికి కలిసొచ్చింది. మన రాజమండ్రి హేవలాక్ వంతెనకి ఆ అదృష్టం లేదు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన ఆ ఇనుమంతా నిత్యం నీటి మీదే ఉంది. అంతకాలం దాన్ని కాపాడింది మనిషి చెయ్యీ, రంగు డబ్బానే.

మీ అమ్మమ్మకి ఈ విద్య ఎప్పుడో తెలుసు. దోసెల పెనం కడిగి, పొయ్యి మీద పెట్టి తడి ఆర్చి, నూనె చుక్క వేసి గుడ్డతో తుడిచి గోడకి తగిలిస్తుంది. పెనం మీద నల్లగా నిగనిగలాడే పొర ఉంటుందే, అది మసి కాదర్రా. వేడికి నూనె తన రూపం మార్చుకుని, గట్టిపడి, ఇనుముకి అంటుకున్న తొడుగు. కోతలైపోయాక కొడవళ్లకి నూనె రాసి చూరులో దోపేవారు మా నాన్నగారు. పాకలో బండి ఇనుముకి గ్రీజు రాసేవాళ్లు చేస్తున్నదీ అదే పని. నీటికీ ఇనుముకీ మధ్య ఒక అడ్డుపొర.

రేకుల పాక వేసినవాళ్లు ఆ రేకుని చూడండి. అది ఇనుమే, పైన జింకు పూత. రేకు మీద గీత పడి ఇనుము బైటపడ్డా అక్కడ వెంటనే తుప్పు పట్టదు. ఎందుకంటే జింకు ఇనుము కంటే ముందు తానే కరిగిపోతుంది, పక్కనున్న ఇనుముని కాపాడుతుంది. కాకినాడ రేవుకొచ్చే ఓడల అడుగున కూడా ఇందుకే జింకు దిమ్మలు బిగిస్తారు.

రేకు మాటొచ్చింది కాబట్టి పాక ఎలా ఉండాలో చెబుతా, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి బైట నీళ్లు పట్టడం చూశారు కదా. శీతాకాలం తెల్లవారుజామున బండికి అదే జరుగుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజను బరువైన ముద్ద, త్వరగా వేడెక్కదు. పొద్దున్నే కాలవ మీంచి తడిగాలి వచ్చి తగలగానే దాని మీద చెమ్మ దిగుతుంది. రేకు కప్పయితే అది కూడా చల్లబడి లోపలివైపు చెమర్చి బొట్లు బొట్లుగా బండి మీదే కారుతుంది. తాటాకు కప్పు అలా చెయ్యదు. ఆకుల మధ్య బోలెడు గాలి చిక్కుకుని ఉంటుంది. గాలి వేడిని త్వరగా పోనివ్వదు, కాబట్టి కప్పు అంతగా చల్లబడదు. పాతవాళ్ల తాటాకు పాక బండికి ఎంత మంచి ఇల్లో చూడండి. దానికి నిప్పు భయం ఉంది, ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఇక నేల. మన లంకల్లో కొన్ని అడుగులు తవ్వితే నీళ్లు. ఆ తడి సన్నని రంధ్రాల గుండా, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టే, పైకి ఎక్కుతుంది. అందుకే గోడలకి కింద అడుగు మేర పెచ్చులూడతాయి. బండిని మట్టినేల మీద నిలబెడితే టైరూ, రిమ్ము ఆ తడి తాగుతాయి. పాక నేల ఒక జానెడు ఎత్తు చేసుకుని, చక్రాల కింద చెక్కబల్ల వెయ్యాలి. ప్లాస్టిక్ పట్టా కప్పి తాడు బిగించి వెళ్లిపోయేవాళ్లున్నారు. నేల నుంచి లేచిన ఆవిరి పట్టా కింద ఇరుక్కుని, బండి రోజూ ఉడుకుతుంది. దానికంటే పాత పంచె కప్పడం ఎంతో మేలు. దుమ్ము ఆపుతుంది, గాలిని ఆడనిస్తుంది.

సరే, తుప్పు పట్టేసిన బండే దొరికిందనుకోండి. అక్కడ సహనం కావాలి. పట్టేసిన నట్టుని బలంతో తిప్పితే బోల్టు తెగుతుంది. మెకానిక్కులు ముందు కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తారు. సన్నని సందుల్లోకి అది తనంతట తనే పాకుతుంది. అప్పటికీ రాకపోతే నట్టుని వేడి చేస్తారు. వేడికి ఇనుము సాగుతుంది, పట్టు సడలుతుంది. ఆవకాయ సీసా మూత రాకపోతే మీ అమ్మ దాని మీద వేడినీళ్లు పోస్తుందే, అదే సూత్రం.

ఈ సూత్రం మన బండి పాకలో ఎంత పాతదో తెలుసా? ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం మీరు చూసి ఉండరు. కమ్మరి ఆ పట్టాని చక్రం కంటే కాస్త చిన్నదిగానే చేసేవాడు. పిడకలు చుట్టూ పేర్చి, మంటపెట్టి, ఎర్రగా కాల్చి, నలుగురూ పట్టకార్లతో ఎత్తి చెక్క చక్రం మీద దించి, వెంటనే నీళ్లు గుమ్మరించేవారు. బుస్సుమని ఆవిరి, కాలిన చెక్క వాసన, పిల్లలందరం చుట్టూ గుంపు! చల్లారేటప్పుడు పట్టా ముడుచుకుని, ఆకుల్నీ కుండనీ కలిపి బిగించేసేది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. లెక్క వేసి చూద్దాం. ఒక మీటరు ఇనప కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. చక్రం అడ్డుకొలత మీటరున్నర అయితే చుట్టుకొలత 4.7 మీటర్లు. 400 డిగ్రీలు వేడెక్కిస్తే పట్టా రెండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. బడికి వెళ్లని ఆ కమ్మరి ఈ లెక్కని పట్టా రంగు చూసి చెప్పగలిగేవాడు. నా లెక్కలో అతను గొప్ప ఇంజనీరు.

తుప్పు వదిలించడానికి వంటింట్లో మందుంది. చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతారు కదా, అందులోని టార్టారిక్ ఆమ్లం ఇనుము తుప్పుని కూడా పట్టుకుని కరిగిస్తుంది. చిన్న చిన్న నట్లు, బోల్టులు చింతపండు రసంలో నానబెట్టి తోమి చూడండి. పెద్ద వస్తువులకి పంచదార మిల్లు మడ్డి, అదే మొలాసిస్, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుప్పు పట్టిన ఇనుముని ఒకటి రెండు వారాలు ముంచి ఉంచుతారు. వాసన భరించలేం గానీ, తీసేసరికి బూడిదరంగు ఇనుము శుభ్రంగా బైటపడుతుంది. తుప్పుని లాగుతుంది, మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. అల్యూమినియం భాగాలు మాత్రం అందులో వెయ్యకూడదు, వాటిని తినేస్తుంది. కడిగి తీసిన ఇనుముని అప్పటికప్పుడు ఆరబెట్టి నూనె రాయాలి. లేకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రపొడి!

ఇప్పుడు ఇంజను దగ్గరికి వద్దాం. మీకు సైకిలు పంపు తెలుసు. గట్టిగా నాలుగుసార్లు కొట్టి కింద గొట్టం పట్టుకోండి, చెయ్యి చురుక్కుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. చేలో నీళ్లు తోడే ఆయిలింజను ఇదే పట్టుకుని బతుకుతోంది. దానికి ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. గాలిని పదిహేనో, పదిహేడో వంతుకి నొక్కేసరికి అది 500 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి డీజిలు చిమ్మగానే భగ్గుమంటుంది. ఇది కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజను నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడిచింది. మన పకోడీల నూనెతో!

బుల్లెట్టుది ఇంకో పద్ధతి. 1876లో నికొలాస్ ఓటో అనే జర్మనీ ఆయన నిలబెట్టిన నాలుగు దశల పద్ధతి. పిస్టను కిందికి దిగుతూ గాలీ పెట్రోలూ పీలుస్తుంది. పైకొస్తూ నొక్కుతుంది. ప్లగ్గు దగ్గర రవ్వ పడి మండుతుంది, ఆ దెబ్బకి పిస్టను కిందికి దూకుతుంది. మళ్లీ పైకొస్తూ పొగని ఊదేస్తుంది. అంటే ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట. మిగతా మూడు దశలూ ఎవరు తిప్పుతారు? లోపల బరువైన ఇనప చక్రం ఉంది. కుమ్మరి సారె ఒకసారి తిప్పి వదిలితే కుండ పూర్తయ్యేదాకా తిరుగుతుంది చూడండి, ఆ జోరే ఇక్కడా నడిపిస్తుంది.

పాత 350 బుల్లెట్టు సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 90 మిల్లీమీటర్లు. వృత్తం వైశాల్యం కట్టి, ఎత్తుతో గుణించండి, 346 వస్తుంది. బండి కాగితాల మీద రాసిన సీసీ అదే. లెక్కల మాస్టారు కంటే ఈ బండి బాగా నేర్పుతుంది ఘనపరిమాణం.

ఆ "డుగు డుగు" చప్పుడు ఎందుకొస్తుందో చెబుతా. నిలబెట్టిన బుల్లెట్టు నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకి ఒక మంట కాబట్టి 450 మంటలు. సెకనుకి ఏడెనిమిది. మన చెవి సెకనుకి పదిహేను ఇరవై దాకా దెబ్బల్ని విడివిడిగా పట్టుకోగలదు. అంతకు మించితే అవి కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి. రాజ్‌దూతు, ఎజ్డీ, చేతక్కు, లూనా ఇవన్నీ రెండు దశల ఇంజన్లు, ప్రతి చుట్టుకీ మంట. అవి మూడు వేల చుట్లు తిరిగితే సెకనుకి యాభై మంటలు. అందుకే వాటిది రొద, బుల్లెట్టుది తాళం. రెండు దశల ఇంజనుకి అడుగున వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి, అదీ కాలి బైటికొస్తుంది. బంకులో "రెండు లీటర్లు, ఆయిలుతో" అని అడగడం, వెనక నీలిపొగ, ఇవి మా తరానికి ఒక జ్ఞాపకం. గాలికి మాత్రం మంచిది కాదు, ఆ బళ్లు రోడ్డు మీంచి తప్పుకోవడం సబబే.

బుల్లెట్టుని తన్నడం ఒక కళ. హెడ్‌లైటు డిప్ప మీద బుల్లి అమ్మీటరు ఉంటుంది. కిక్కు రాడ్డుని నెమ్మదిగా నొక్కుతుంటే ఒక చోట కాలికి గట్టిగా అడ్డు తగులుతుంది. అక్కడ పిస్టను పైకొచ్చి గాలిని నొక్కుతోందన్నమాట. చేతి కింద చిన్న మీట నొక్కితే వాల్వు కాస్త తెరుచుకుని ఆ గాలి చుస్సుమని పోతుంది. అమ్మీటరు ముల్లు కదిలిన చోట ఆపి, మీట వదిలి, అప్పుడు ఒక్క తన్ను. తెలిసినవాడు చెప్పులతో స్టార్టు చేస్తాడు, తెలియనివాడి మోకాలు వాస్తుంది. ఎజ్డీది ఇంకో వింత. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. మైసూరులో ఐడియల్ జావా కంపెనీవారు చేసేవారు ఆ బండి. ఇక బుల్లెట్టులు సైన్యం కోసం మొదట ఇంగ్లండు నుంచి తెప్పించారు, 1950ల్లోనే మద్రాసులో బిగించడం మొదలెట్టారు.

కార్బొరేటరు ఒక చిన్న అద్భుతం. దోమలకి కొట్టే పాతకాలం ఫ్లిట్ పంపు ఎలా పనిచేసేదో అలాగే. గాలి ఇరుకు గొంతులోంచి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింద గిన్నెలోంచి పెట్రోలు సన్నని జెట్టు గుండా పైకి లేచి తుంపరైపోతుంది. బెర్నౌలీ సూత్రమని మీకు పెద్దక్లాసులో వస్తుంది. ఒక కిలో పెట్రోలు కాలడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు పెట్రోలుకి తొమ్మిది వేల లీటర్ల పైనే గాలి! పదడుగుల చదరపు గదిలో ఉన్న గాలిలో మూడో వంతు. మనం పెట్రోలుకి డబ్బిస్తున్నాం గానీ బండి ఎక్కువగా తాగేది గాలినే.

నెలల తరబడి నిలబడిన బండిలో మొదట మూసుకుపోయేది ఆ జెట్టు. పెట్రోల్లో తేలికైనవి ఆవిరైపోయి, మిగిలింది బంకలా గడ్డకడుతుంది. ఇప్పుడు దానికి తోడు ఎథనాలు. 2023లో మొదలుపెట్టి, రెండేళ్లలో దేశమంతా 20 శాతం ఎథనాలు కలిపిన పెట్రోలు పోస్తున్నారు. చెరకు మడ్డి నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి పులియబెట్టి తీసిన స్పిరిటు అది. రైతుకి మంచిదే. కానీ పాత బండి దాని కోసం పుట్టలేదు. ఎథనాలుకి నీళ్లంటే మహా ఇష్టం, మన తడిగాలిలోంచి తేమ లాక్కుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. తుప్పు అక్కడ మొదలవుతుంది. ఎథనాలు పాత రబ్బరు గొట్టాల్ని, వాషర్లనీ ఉబ్బిస్తుంది. లీటరుకి లీటరు చూస్తే పెట్రోలు కంటే అందులో శక్తి మూడో వంతు తక్కువ కూడా. కాబట్టి పాకలో పెట్టే ముందు కార్బొరేటరు గిన్నె ఖాళీ చెయ్యాలి, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించాలి.

మన డెల్టా బళ్లకి ఇంకో గండం వరద. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లే మునిగాయి, బళ్ల మాట చెప్పాలా. నీళ్లు తీశాక జనం చేసే తొందరపని కిక్కు కొట్టడం. గాలిని నొక్కొచ్చు, నీళ్లని నొక్కలేం. సిలిండరులో నీళ్లుండగా పిస్టను పైకొస్తే, కదలని నీటికి తగిలి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి, కిక్కు నెమ్మదిగా నొక్కి నీళ్లు చిమ్మించాలి. పాత ఆయిలు తీసేసి, డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు పొయ్యాలి. ఒండ్రు చేనుకి వరం గానీ బేరింగుకి విషం.

విప్పి చూసే బుద్ధి ఎంత దూరం తీసుకెళుతుందో ఒక మనిషి కథ చెబుతా. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు జి.డి. నాయుడుగారు. చదువు పెద్దగా అబ్బలేదు. కుర్రతనంలో ఒక తెల్లదొర మోటారుసైకిలు చూసి మనసు పారేసుకున్నారు. దానికోసం పట్నం పోయి, హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండే కొనుక్కున్నారు. కొన్నాక ఊరేగలేదు, ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి, లోపలి మర్మం తెలుసుకున్నారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక బస్సు వేశారు, అది పెద్ద రవాణా సంస్థ అయింది. మన దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారీలో 1937లో ఆయన చెయ్యి ఉంది. ఆయన పేరిట నడిచే సంస్థ పాత కార్ల మ్యూజియం కూడా పెట్టింది కోయంబత్తూరులో. అటువైపు వెళితే తప్పకుండా చూడండి.

మన హైదరాబాదులో కె. సుధాకర్ గారున్నారు. బడిలో చదివే రోజుల నుంచే పాత సామాను ఏరి బళ్లు చేసేవారు. క్రికెట్ బ్యాటులా, బూటులా, బర్గరులా ఉండి నిజంగా నడిచే కార్లు చేసి బహదూర్‌పురాలో మ్యూజియం పెట్టారు. 2005 జూలై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకంలో ఎక్కారు.

ఇప్పుడు నవ్వులు పక్కన పెట్టి వినండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న పొయ్యిని, తులసికోట దీపాన్ని కూడా అందుకుంటుంది. తాటాకు పాకలో పెట్రోలు విప్పకూడదు, ఆరుబయటే విప్పాలి. రెండోది, తలుపులు మూసి ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. మన నెత్తురు ఆక్సిజను కంటే దాన్నే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతున్నట్టు తెలిసేలోపే మనిషి పడిపోతాడు. మూడోది, పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

బండి బాగయ్యాక కాగితాల సంగతి. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపు మారకుండా ఉన్న సొంత బళ్లకి 2021 జూలైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకి 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిరగడానికి మాత్రం అది పనికిరాదు, ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతుకీ, పెట్రోలుకీ మాత్రమే బైటికి తియ్యాలి. తాతగారి బండి పాత సామాను వాడికి కిలోల లెక్కన వెళ్లేముందు ఆ పాత ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో బీరువాలో వెతకమని మీ నాన్నకి చెప్పండి. అది పోతే బండి బతికినా రోడ్డెక్కడం కష్టం.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మన డెల్టాలో గాలి కాస్త పొడిగా ఉండే రోజులు. పాక శుభ్రం చేయడానికీ, ట్యాంకు దించడానికీ అదే మంచి సమయం. ఈసారి సెలవులకొచ్చినప్పుడు మావయ్యనో, పక్కవీధి మెకానిక్కునో తోడు పెట్టుకుని గోనెసంచులు తీయండి. ముందు పెట్రోలు ఆరుబయట ఖాళీ చేయించండి, తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత కార్బొరేటరు. విప్పిన ప్రతి నట్టుని విప్పిన వరసలోనే పాత చీర మీద పేర్చండి, వాటికి పక్కన బొమ్మ గీసుకోండి. అలా చేస్తే మళ్లీ బిగించేటప్పుడు ఒక్కటీ మిగిలిపోదు.